కుళాయికి కట్టిన దారం

"మా ఆయనకి పిచ్చి లేదు నాయనా. సాయంత్రం నాలుగింటికి జీపు వస్తుందిట. ఈలోగా ఆ సంగతి నువ్వు తేల్చాలి."

శేషారత్నం ఆ మాట చెప్పి, కాఫీ గ్లాసు ఇంద్రసేన ముందు పెట్టి, చల్లారిపోతుంది తాగమన్నట్టు చూసింది. ఇంద్రసేన అబిడ్స్‌లో గడియారాల దుకాణం మీద డిటెక్టివ్ ఆఫీసు పెట్టి చాలా ఏళ్ళయింది. కేసు అప్పజెప్పేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడటం అతనికి అలవాటు. ఈవిడ మాత్రం పెళ్ళిలో వంటవాళ్ళకి పని పురమాయించినట్టు చెప్పింది. పొద్దున్నే పనిమనిషి యాదవ్వని పంపి, నాంపల్లి స్టేషన్ వెనకవున్న తమ ఇంటికి అతన్ని పిలిపించుకున్నదీ ఆవిడే.

"ఎక్కడికి తీసుకపోతరంట?"

"పిచ్చాసుపత్రికి. పోలీసులకి కబురు పెట్టింది మా అమరేశ్వరుడే. నా తమ్ముడి కొడుకు. చెడ్డవాడు కాదు, పెంచింది నేనే, మాతోనే ఉంటాడు. రాత్రి మంటలు చూసి బెదిరిపోయాడు."

గ్లాసు అందుకుంటూ ఇంద్రసేన ఆవిడ చూపుడు వేలి మీద కొత్తగా లేచిన బొబ్బ చూశాడు.

"వేలు కాలినట్టుందమ్మా."

"పెనం తగిలుంటుంది. ఎప్పుడో గుర్తులేదు. నా వేలు సంగతి దేనికి, ఆయన సంగతి విను."

ఆవిడ చెప్పింది ఇది. సోమయాజులుగారు సిమ్లాలో సర్కారు బంగళాల నీటి గొట్టాలకు ఓవర్సీరుగా ఇరవై ఏళ్ళకు పైగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. ఆవిడ తమ్ముడి మాట మీద నాంపల్లిలో స్థలం కొని, డాబా కట్టుకుని, ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఈ చలికాలం మొదలయ్యాక ఆయన ధోరణి మారింది. గోనె సంచులు చింపి కొబ్బరితాడుతో గొట్టాలకు చుట్టడం మొదలుపెట్టారు. దారినపోయేవాళ్ళు ఇదేమిటని అడిగితే, "రాత్రికి నీళ్ళు గడ్డకడతాయి, గొట్టం పగిలితే నువ్వు వేయిస్తావా" అని దబాయించేవారు. రోజూ తెల్లవారేసరికి ఇంట్లో కుళాయిలన్నీ సన్నగా కారుతూ ఉండేవి. మునిసిపాలిటీ నీళ్ళు వచ్చేలోపే డాబా మీది ట్యాంకు ఖాళీ. నిన్న రాత్రి స్నానాలగదిలో గొట్టం కింద ఎవరో వెలిగించిన లాంతరు పెట్టారు. పైన చుట్టిన గోనె అంటుకుంది. సోమయాజులుగారే బకెట్లతో నీళ్ళు కొట్టి ఆర్పారు.

"కుళాయిలు కారటం దేనికమ్మా? గోనె చుట్టినంక చాలదా?"

ఆవిడ ముఖం విప్పారింది. "చాలదు. సిమ్లా చలి నీకేం తెలుసు. గొట్టంలో నీళ్ళు కదలకుండా ఉంటేనే గడ్డకట్టేది. గడ్డకడితే ఉబ్బి ఇనప గొట్టం కూడా పగులుతుంది. అందుకని పడుకునేముందు ప్రతి కుళాయీ సూదిలో దారమంత సన్నగా విప్పి ఉంచాలి. నీళ్ళు నడుస్తూ ఉంటే మంచు పట్టదు. కాకపోతే ఆ చుక్కల చప్పుడికి మా ఆయనకి నిద్రపట్టేది కాదు."

"మరి ఇప్పుడు ఆయన చేస్తున్నది ఆ అలవాటే కావచ్చు గదా."

"కాదు. నాతో ఉన్నప్పుడు శుభ్రంగా ఉంటారు. పేపరు చదివి వినిపిస్తారు, కూరలో ఉప్పు తక్కువైతే సాధిస్తారు. మూడో మనిషి గడప తొక్కితే చాలు, సిమ్లా మొదలవుతుంది. మనిషిని చూసి వచ్చే పిచ్చి ఎక్కడన్నా ఉందా? ఎవరో ఏదో చేస్తున్నారు నాయనా. వాళ్ళని పట్టుకో."

ఇంద్రసేన కాఫీ ముగించి గ్లాసు కింద పెట్టాడు. "రాత్రి మంటలు మీరు చూసిన్రా?"

"లేదు. నాకు మెలకువే రాలేదు. తెల్లారి గోనె కాలిన కంపుకి లేచాను."

*

అమరేశ్వరరావు సచివాలయంలో గుమాస్తా. ఇవాళ సెలవు పెట్టి ముందుగదిలో కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నన్ను దుర్మార్గుణ్ణి చేయకండి. వచ్చే వారం మా ఆవిడ జానకి పురిటి నుంచి పసిపిల్లతో వస్తోంది. లాంతరు ఏ ఉయ్యాల కిందో పెడితే ఏం చేయను?"

"మామయ్య కుళాయిలు విప్పుతుంటే నువ్వెప్పుడన్న చూసినవా?"

"చూడలేదు."

"లాంతరు పెడుతుంటే?"

"అదీ చూడలేదు. నేను లేచేసరికి నీళ్ళు కొడుతున్నాడు. నేనే పెట్టాను, గొట్టం గడ్డకట్టింది అన్నాడు."

"నువ్వు అడగకముందే?"

అమరేశ్వరరావు ఆలోచించాడు. "అవును. అడగకముందే."

"అప్పుడు మీ అత్తయ్య ఎక్కడుంది?"

"స్నానాలగది గుమ్మంలో నిలబడి ఉంది. తలుపులు వేయరా, మంచు లోపలికి కొడుతోంది అంది నన్ను చూసి. మంచి నిద్రలోంచి లేచింది పాపం. మామయ్య చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి పడుకోబెట్టాడు."

ఇంద్రసేన జేబులోంచి తీసిన సిగరెట్టును పెదవుల దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. మెలకువే రాలేదన్న మనిషి గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు, లేకపోతే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ రెండోది అతనికి నచ్చలేదు.

పెరట్లో యాదవ్వ అంట్లు తోముతోంది. ఇంద్రసేన అగ్గిపెట్టె అడిగాడు.

"నా తాన లేదు సారూ. ఈ ఇంట్ల అగ్గిపెట్టె గావాల్నంటే పెద్దసారునే అడగాలె."

"ఎందుకు?"

"రాత్రి కాంగనే దాస్తడు. పొద్దుగాల నేనొచ్చి పొయ్యి ముట్టియ్యాల్నంటే అప్పుడిస్తడు. ఏందో మరి, గా అగ్గిపెట్టె ఇంట్ల బంగారమైంది."

"లాంతర్లు ముట్టిచ్చే పిచ్చోడు అగ్గిపెట్టె దాస్తడా, యాదవ్వా?"

"నన్నడుగుతవేంది? గది చెప్పెతందుకే గదా నిన్ను పిలిచిన్రు." ఆమె తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. "ఇంకోటి జూడు. రోజూ నేనొచ్చేసరికి నల్లాలకు గివి కట్టుంటయి. పారెయ్యబుద్ధి గాక దాసిపెట్టిన."

గూట్లోంచి గుప్పెడు గుడ్డపీలికలు తీసి ఇచ్చింది. వేలెడు వెడల్పున, మూరెడు పొడుగున ఉన్నాయి. కుళాయి మూతికి కడితే నీళ్ళు చుక్కలుగా పడకుండా పీలిక వెంట చప్పుడు లేకుండా దిగుతాయి. ఇంద్రసేన ఒకటి సాగదీసి చూశాడు. మెత్తబడిన నేత చీర అంచు. ఎక్కడా కత్తెర పడలేదు. పంటితో చిన్న గాటు పెట్టి, నూలు వెంట నేరుగా, ఒక్క పోగు చెదరకుండా చింపిన పీలిక అది.

"పెద్దసారు గోనె సంచి చింపుతుంటే చూసినవా?"

"ఎందుకు జూడలే. గుడ్డ చింపుడు చాతనైతదా ఆయనకు. అంతా వంకరటింకర."

*

జీపు నాలుగింటికి కాదు, మూడింటికే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కోదండరామయ్య దిగి, ముందు ఇంద్రసేన స్కూటరు వంక, తరువాత ఇంద్రసేన వంక చూశాడు. ఇద్దరూ ఒకే రోజు పోలీసు ఉద్యోగంలో చేరారు. ఒకడు మానేశాడు, ఒకడు మిగిలాడు. అప్పటి నుంచీ ఒకరి కేసులో ఒకరు వేలు పెట్టుకుంటూనే ఉన్నారు.

"గడియారాల దుకాణం మీద కూర్చుంటావు కదయ్యా. నాలుగింటికి రావలసినవాణ్ణి మూడింటికే వస్తానని నీకు తట్టలేదా?"

"తట్టింది. అందుకే నేను పదకొండింటికే వచ్చిన."

"ఆ సిగరెట్టు పొగ నా మొహం మీద వదలకు. నా స్టేషన్లో నా ఎదురుగా సిగరెట్టు ముట్టించినవాడు రెండోసారి ముట్టించలేదు."

"ఇది ముట్టియ్యలేదు. అగ్గిపెట్టె దొరకలే."

కోదండరామయ్య ముందుగోడ దగ్గర ఆగి, పై నుంచి కింద దాకా గోనె చుట్టిన గొట్టాన్ని లాఠీతో తట్టాడు. "నాంపల్లిలో నీళ్ళు గడ్డకడతాయట. ఇంకా ఏం సాక్ష్యం కావాలి నీకు? నిన్న లాంతరు. రేపు ఇల్లు. ఆసుపత్రిలో మాట్లాడే వచ్చాను. పెద్దాయన్ని జాగ్రత్తగా చూసుకుంటారు."

"ఆ పీలికలు చూడు." ఇంద్రసేన గుప్పిట విప్పాడు.

"చూశాను. కుళాయికి చీర కట్టే పిచ్చి. కేసు ఇంకా గట్టిపడింది."

"కోదండం, నువ్వు కొట్టిన గొట్టం ఎటు పోతున్నదో తల ఎత్తి చూసినవా?"

"పైకి పోతోంది. గొట్టాలు పైకే పోతాయి."

"ఒక్క అరగంట ఆగు. నాలుగింటికే కదా నీ టైము."

కోదండరామయ్య అరుగు మీద కూర్చున్నాడు. లోపలి నుంచి శేషారత్నం గొంతు వినిపించింది. "ఎవరొచ్చార్రా? పోలీసాయనా? కాఫీ తాగుతాడేమో కనుక్కో."

*

డాబా మీద సోమయాజులుగారు ట్యాంకు నీడలో ముక్కాలిపీట వేసుకుని గోనె చింపుతున్నారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. మెడకు మఫ్లరు చుట్టి ఉంది. ఎండ మాత్రం ఇంకా మండుతోంది. ఇంద్రసేనను చూడగానే గొంతు పెంచారు.

"మెకంజీ దొరగారి బంగళా నుంచి వచ్చావా? వెనకవైపు లైను పోయిందా?"

"పోయింది సార్. మొత్తం గడ్డకట్టింది. వేడి పెట్టాలె. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటరు?"

"కుళాయి విప్పిపెట్టి, కుళాయి వైపు నుంచి. వెనక్కి వెనక్కి పోవాలి. మధ్యలో వేడి పెడితే కరిగిన నీళ్ళకీ ఆవిరికీ దారి ఉండదు, గొట్టం పేలుతుంది. అసలు నిప్పు ఎవడు పెట్టమన్నాడు నిన్ను? వేడినీళ్ళలో ముంచిన గుడ్డలు చుట్టాలి. నిప్పు పెట్టేవాడు ఓవర్సీరు కాదు."

ఆ మాట నోటి నుంచి వచ్చాక ఆయనే ఆగిపోయారు. చేతిలో గోనె ఒళ్ళోకి జారింది.

ఇంద్రసేన ఆయన పక్కనే గచ్చు మీద కూర్చున్నాడు. "సార్, ముందుగోడకు మీరు చుట్టింది వాననీళ్ళ గొట్టం. ఈ డాబా మీద నుంచి కిందికి దిగుతది. వానలు పోయి మూడు నెలలైంది. అందుల చుక్క నీళ్ళు లేవు. చుక్క లేని గొట్టం సిమ్లాలో కూడా గడ్డకట్టదు."

సోమయాజులుగారు చూపు గోనె మీదికి దించుకున్నారు.

"నిజంగ భయమున్న గొట్టం ఇదిగో." ఇంద్రసేన ట్యాంకు వెనక్కి చెయ్యి చూపించాడు. ట్యాంకు నుంచి ఉత్తరపు గోడ మీదుగా ఇంట్లోకి దిగే గొట్టం అది. ఎండ తగలదు, గాలికి అడ్డం లేదు. "దీనికి పోగు తాడు కూడ చుట్టలేదు. ఇన్నేళ్ళు ఇదే పని చేసిన మనిషి మతి తప్పినా చెయ్యి తప్పదు సార్. చెయ్యి దీనిమీదికే ముందు పోయేది. మీరు మనుషులకు కనపడే గొట్టాలే ఏరి చుట్టిన్రు. నలుగురు చూసి నవ్వాలని."

"నీకు చాలా తెలివుంది," అన్నారు సోమయాజులుగారు. గొంతు మారిపోయింది. అది పేపరు చదివి వినిపించే గొంతు, ఉప్పు తక్కువైందని సాధించే గొంతు. "తెలివున్నవాడివి తిరిగి వెళ్ళిపో నాయనా. మూడింటికి వచ్చిన జీపులో నేను ఎక్కుతాను. ఆవిడకి ఏం దొరకలేదని చెప్పు."

"సిమ్లాలో కుళాయిలు విప్పింది ఎవరు?"

"రత్నం. నేను అర్ధరాత్రి దాకా లైన్ల మీదే తిరిగేవాణ్ణి. ఆ పని ఒక్కరోజు నేను చేసి ఎరగను. ప్రతి కుళాయీ విప్పేది, చీర అంచు చింపి కట్టేది. నేనొచ్చి పడుకుంటే చప్పుడికి లేవకూడదని." ఆయన మఫ్లరు విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. "కార్తీకం వెళ్ళాక ఒక రాత్రి మెలకువ వచ్చి చూద్దును కదా, వంటింట్లో నిలబడి పీలిక కడుతోంది. ఏం రత్నం అంటే, ఇవాళ మంచు ఎక్కువగా ఉంది, మీరు తొందరగా రండి అంది. తెల్లారి కుళాయిలు ఎవరు విప్పారని నన్నే అడిగింది. ఏమీ గుర్తు లేదు."

"డాక్టరుకు చూపించొచ్చు కదా."

"వాళ్ళమ్మకి ఇలాగే వచ్చింది. చివరికి గొళ్ళెం పెట్టిన గదిలో ఉంచారు. ఆ గొళ్ళెం చప్పుడు రత్నం ఇప్పటికీ తలుచుకుంటుంది. నాకూ అలా వస్తే నాకు మాత్రం తెలియనివ్వకండి అని చేతిలో చెయ్యి వేయించుకుంది, పెళ్ళయిన కొత్తలో. అప్పుడు నవ్వుతూ వేశాను." ఆయన ఒళ్ళో గోనెను సరిచేసుకున్నారు. "ఇంట్లో ఒకరికి పిచ్చి ఉందని అందరికీ తెలిసిపోయింది. అది నాదని నమ్మించడం తేలిక కదా. గోనె చుట్టాను. దొరగారి పేరు పలికాను. ఇంత నటన నాలో ఉందని నాకే తెలియదు."

"మీరు జీపెక్కితే రాత్రి ఆమెను చూసేదెవరు?"

ఆ లెక్క ఆయన వేసుకోలేదు. ఇన్నాళ్ళూ తనను తాను దోషిని చేసుకోవడంలోనే మునిగిపోయారు.

"నిన్నటి లాంతరు?"

"మా వాడి బల్ల మీద ఇంకో అగ్గిపెట్టె ఉందని నాకు తెలియదు. సిమ్లాలో నేను ఎప్పుడో మా ఇంటి కుళాయి కింద లాంతరు పెట్టించాను, ఒక్కసారి. నిప్పు వద్దని అందరికీ చెప్పేవాణ్ణి, మా ఇంట్లో నేనే పెట్టించాను. ఆ ఒక్కసారీ రత్నానికి గుర్తుంది చూడు."

మెట్ల మీద బూటు చప్పుడు కాలేదు. అయినా ఇంద్రసేన తల తిప్పాడు. కోదండరామయ్య పై మెట్టు మీద నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

"అరగంట కాలేదు," అన్నాడు ఇంద్రసేన.

"తెలుసు." కోదండరామయ్య ఉత్తరపు గోడ మీది ఉత్త గొట్టం వంక చూశాడు. "తల ఎత్తి చూడమన్నావుగా."

*

ముగ్గురూ కిందికి దిగేసరికి వంటింట్లో కాఫీ వాసన వస్తోంది. కిటికీలోంచి పడిన ఎండ గచ్చు మీద నాలుగు పలకలుగా పరుచుకుని ఉంది. అమరేశ్వరరావు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. శేషారత్నం నాలుగు గ్లాసుల్లో కాఫీ పోసి, వచ్చినవాళ్ళను లెక్కపెట్టి, సోమయాజులుగారి గ్లాసులో పంచదార ఇంకొంచెం వేసింది.

"పోలీసాయనవు నువ్వేనా? కూర్చో. జీపులూ అవీ తరవాత. నీకు తల్లి ఉందా?"

"ఉందండి. తెనాల్లో."

"చలికాలం కాళ్ళకి ఆముదం రాసుకోమను."

"చెబుతానండి."

ఆవిడ గ్లాసులు అందించి, గిన్నె కడగటానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. గిన్నె కడిగింది. బోర్లించింది. కొంగు చివర మడతపెట్టిన పాత అంచు ముక్క తీసి, పంటితో చిన్న గాటు పెట్టి, ఒక్క లాగులో నేరుగా చింపింది. కుళాయి మూతికి ముడి వేసింది. పిడిని కొంచెం, మరికొంచెం తిప్పి, నీళ్ళు దారమంత సన్నబడగానే చెయ్యి తీసింది. చప్పుడు లేకుండా నీళ్ళు పీలిక వెంట దిగసాగాయి.

"ఏమండీ," అంది వెనక్కి తిరగకుండా. "ఆకాశం చూస్తే ఈ రాత్రికి బాగా కురిసేట్టుంది. లైన్లు చూసుకుని తొందరగా రండి. ఈలోగా నేను లాంతరు వెలిగించి పెడతాను."

ఎండ ఆవిడ పాదాల మీద పడి ఉంది.

అమరేశ్వరరావు ముఖంలో రక్తం లేదు. ఏదో అనబోతే ఇంద్రసేన అతని మణికట్టు పట్టుకున్నాడు. సోమయాజులుగారు కాఫీ గ్లాసు కింద పెట్టలేక, పట్టుకోలేక నిలబడ్డారు. పెదవులు కదిలాయి. పక్కనున్న ఇంద్రసేనకు మాత్రమే వినిపించింది.

"పగలు ఎప్పుడూ లేదు. ఇదే మొదలు. అగ్గిపెట్టె రాత్రి దాస్తే చాలుననుకున్నాను."

శేషారత్నం కుడిచెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. రొంటిన దోపుకున్న అగ్గిపెట్టె పైకి వచ్చింది. గూట్లో లాంతరు ఉంది. దాని పక్కనే కిరసనాయిలు సీసా.

ముందుగా కదిలింది కోదండరామయ్య.

"అమ్మా, ఆ అగ్గిపెట్టె ఒకసారి ఇస్తారా? సిగరెట్టు ముట్టించుకోవాలి."

ఆవిడ చటుక్కున తిరిగి అతన్ని ఎగాదిగా చూసింది. కళ్ళలోకి నాంపల్లి తిరిగి వచ్చింది.

"ఇంట్లో సిగరెట్టా? నువ్వూ అలాంటివాడివేనా? బయటికి పోయి తగలేసుకో. ఇదిగో, పెట్టె నీ దగ్గరే ఉంచుకో, మా వాడు కూడా దొంగతనంగా కాలుస్తున్నాడు."

"అలాగేనండి." కోదండరామయ్య అగ్గిపెట్టె తీసుకుని జేబులో వేసుకున్నాడు. కదలలేదు.

"ఏమండీ, కాఫీ అలా పట్టుకు నిలబడ్డారేం? పంచదార ఎక్కువైందా?"

"సరిపోయింది రత్నం," అన్నారు సోమయాజులుగారు. "బాగుంది."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇంద్రసేన వైపు తిరిగింది. "ఇందాకటి నుంచి అడుగుదామనుకుంటున్నాను. ఏం తేలింది నాయనా? మా ఆయన కాదు కదా?"

"కాదమ్మా," అన్నాడు ఇంద్రసేన. "ఆయన కాదు. ఇన్‌స్పెక్టరుగారు కూడ ఒప్పుకున్నరు."

"ఒప్పుకున్నానండి."

"నేను చెప్పలేదూ." శేషారత్నం మేనల్లుడి వంక గర్వంగా చూసింది. తరువాత భర్త దగ్గరికి వెళ్ళి, ఆయన భుజం మీద అంటుకున్న గోనె పీచు తీసి పారేసింది. ఆవిడ వెనక నీళ్ళు పీలిక వెంట దిగుతూనే ఉన్నాయి.

"మరి ఎవరు?" అంది నవ్వుతూ.

కోదండరామయ్య జేబులో అగ్గిపెట్టె గలగలమంది.